గంజి వారింట అరవై ముగ్గురు

ఒకటో పుట, సోమవారం

ఈ పుస్తకం అయ్యగారు ఇచ్చారు. రోజూ కాకపోయినా విశేషం ఉన్న రోజున రాయమన్నారు. గేటు దగ్గర కరణం అన్నీ రాస్తున్నాడు కదా, మళ్లీ నేనెందుకు అన్నాను. కరణం రాసింది మెట్ట మండలికి పోతుందట, చర్చిలో ఉండడానికి మనిషి చేత్తో రాసింది ఒకటి కావాలట. అయ్యగారి పేరు షడ్రకు. ముప్పై దాటలేదు, గడ్డం కూడా సరిగా రాలేదు. మాట మాత్రం సూటిగా ఉంటుంది. అందుకని సరేనన్నాను.

నా పేరు గంజి జక్కరయ్య. వయసు డెబ్బై నాలుగు. యాభై రెండో ఏట ఇదే చర్చిలో వయోజనుల బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే చదివేవాళ్లు సర్దుకోవాలి.

నా పని గంజి కలపడం. సముద్రం హైవే దాకా వచ్చి పదకొండేళ్లయింది, కట్టెలు లేవు. నాచు ఎండబెట్టి ఇటుకలు చేసి పొయ్యిలో పెడతాం. అవి ముందు మనల్ని ఏడిపించి తర్వాత మండుతాయి. కలిపే తెడ్డు పడవ తెడ్డే. గంగాళం అంత పెద్దది మరి. పోయిన వారం పడవ తెడ్డు విరిగితే గంగాళం తెడ్డు పట్టుకుపోయారు, ఆ పూట చేపలవాళ్ల పడవంతా జొన్న వాసన.

గంజి తాగేవాళ్లలో మా ఊరివాళ్లే సగం. రొయ్యల చెరువులు సముద్రంలో కలిసిపోయాయి, ఐసు ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఫ్యాక్టరీ ఓనరు కూడా వరసలో నిలబడతాడు, టిఫిను క్యారేజీ తువ్వాలు కింద దాచుకుని. నేను చూడనట్టు పోస్తాను. ఆయన చూడనట్టు పోయించుకుంటాడు.

వంటసాలకి పెద్ద, పిల్లి దీనమ్మ. ఇంటిపేరే పిల్లి, మనిషి పులి. అరవై ఎనిమిదేళ్లు, ఒంటరిది, చర్చి దిబ్బ మీదే ఇల్లు. నాకూ ఆవిడకీ నలభై ఏళ్లుగా ఉప్పు దగ్గర తగాదా. నేను చాలదంటాను, ఆవిడ చాలంటుంది. ఈ వేళ కూడా వచ్చింది తగువు. పెద్ద కరువులో మా ముత్తాత ఊరందరికీ గంజి పోయించాడనీ, అందుకే మాకా ఇంటిపేరు వచ్చిందనీ, ఉప్పు సంగతి నాకు చెప్పక్కర్లేదనీ అన్నాను. ఆవిడ గరిటె దించకుండానే అంది:

“మీ తాతలు గంజి పోసినోళ్లు కాదు, తాగినోళ్లు. తాగినోళ్లకి ఉప్పు సంగతేం తెలుస్తాది?”

ఇలాంటి మాట ఎవరన్నా ఊరుకోను. ఆవిడ ఆడమనిషి కాబట్టి ఊరుకున్నాను. గరిటె కూడా ఆవిడ చేతిలోనే ఉంది.

రెండో పుట, బుధవారం

కరణం సంగతి రాయాలి. కరణం మనిషి కాడు. గేటు స్తంభానికి బిగించిన పెట్టె. ఒక కన్ను, ఒక నోరు, కింద చీటీ వచ్చే సందు. జొన్నపిండి పంపేది మెట్ట మండలి. కరణం లెక్కలోకి వచ్చిన తలకే పిండి వస్తుంది. పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. ఆ పేరు పెట్టింది నేనే, పాతకాలపు కరణాలు కూడా అలాగే మొహం చూడకుండా మాట్లాడేవాళ్లని.

ఈ పొద్దున లంకల నుంచి పడవలు వచ్చాయి. తొమ్మిది పడవలు. లంకలు పూర్తిగా మునిగిపోయాయట. మనుషులు తడిసి, నోరెండి, దిబ్బ ఎక్కడానికి కూడా ఓపిక లేకుండా ఉన్నారు. అయ్యగారు నడుముల్లోతు నీళ్లలోకి దిగి పిల్లల్ని ఎత్తి ఒడ్డున పెట్టారు. దీనమ్మ ఎవరూ చెప్పకుండానే రెండో గంగాళం పొయ్యెక్కించింది.

కరణం మాత్రం ఎక్కించుకోలేదు. ఇంటిపేరు అడిగాడు, చెప్పారు. “సదరు గృహం మునిగినది. గృహము లేనిదే ఇంటిపేరు ఉండదు. తదుపరి” అన్నాడు. మునిగిన ఊళ్లవాళ్లకి ఎక్కడో మన్యంలో చోటు చూపించారట, వాళ్ల పిండి అక్కడే ఇస్తారట. అక్కడికి పోవడానికి బస్సు లేదు, పడవ కొండెక్కదు. ఒక్కొక్కళ్లే వచ్చి తమ ఇంటిపేరు చెప్పి, ఆ ఇంటిపేరు పోయిందని పెట్టె నోటి వెంట విని పక్కకి జరుగుతున్నారు. ఒకాయన మళ్లీ వెనక్కొచ్చి ఇంకోసారి చెప్పాడు, మొదటిసారి సరిగా పలకలేదేమోనని.

ఆరో ఏడో మనిషి ఒక ఆడపిల్ల. తబిత. పాతికేళ్లుంటాయి. మామ్మని వీపున మోసుకొచ్చింది. ఆమె ఇంటిపేరు కూడా రద్దే అన్నాడు. అలవాటు చొప్పున మళ్లీ అడిగాడు, ఇంటిపేరు అని. ఆ పిల్లకి చెవుల్లో ఇంకా నీళ్ల హోరే ఉన్నట్టుంది. ఏం కావాలని అడుగుతున్నాడనుకుంది.

“గంజి” అంది.

కరణం ఒక్క క్షణం ఆగాడు. “గంజి. సదరు గృహము చర్చి దిబ్బపై కలదు. కుటుంబ పెద్ద: గంజి జక్కరయ్య. నమోదైనది” అన్నాడు. రెండు చీటీలు బయటికొచ్చాయి, తబితకి ఒకటి, మామ్మకి ఒకటి.

నేను తెడ్డు వదిలేసి వెళ్లాను. మా వంశంలో మిగిలింది నేనొక్కణ్ణే, ఆ ఇంటిపేరు ఎవరుపడితే వాళ్లు తగిలించుకోడానికి దారిలో పడున్న చెప్పు కాదు అని అరుద్దామని వెళ్లాను. మామ్మ నా వైపు చూసి రెండు చేతులూ దోసిలి పట్టింది. నన్ను గంజి అడుగుతోంది. నేను వెనక్కి వచ్చి పోశాను. ఏం చెయ్యను.

వరసలోవాళ్లు తెలివైనవాళ్లు. తర్వాత ఎవరూ తమ ఇంటిపేరు చెప్పలేదు. ముందు పక్కకి జరిగినవాళ్లు కూడా మళ్లీ వచ్చారు. గంజి, గంజి, గంజి. ఒక పెద్దమనిషి మర్యాదస్తుడు, పేరు సొలొమోను, లంకలో దస్తావేజులు రాసేవాడట. “గంజి, ఉంటే ఉప్పు” అన్నాడు. కరణం ఇంటిపేరు గంజి, పేరు ఉప్పు అని రాసుకున్నాడు. ఒకసారి రాస్తే మొహం గుర్తుపెట్టుకుంటాడు, మారదు. ఆయన ఇప్పుడు గంజి ఉప్పు.

సాయంత్రానికి కరణం నన్ను పిలిచి అభినందనలు చెప్పాడు. మా ఇంట్లో ఇప్పుడు అరవై ముగ్గురట. కొత్తగా చేరినవాళ్లందరినీ సంతానం కింద వేశాడు. నాకు డెబ్బై నాలుగు. తబిత మామ్మకి ఎనభై రెండు. ఆవిడ నా కూతురు.

మూడో పుట, గురువారం

అయ్యగారు నన్ను పిలిచారు. ఆయన మొహం చూస్తే అర్థమైంది, అబద్ధం సంగతి. చర్చి గేటు దగ్గర అబద్ధం ఆడి పిండి తెచ్చుకున్నామా అని రాత్రంతా నిద్ర లేదట.

ఆయన అడిగారు, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పిల్ల ఏమంది? గంజి అంది. ఆ పిల్లకి కావాల్సింది ఏమిటి? గంజే. మిగతావాళ్లు? వాళ్లకీ గంజే. ఉప్పు అన్నాయన? ఆయనకి ఉప్పు కూడా.

అయ్యగారు కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. ఇటు తిరిగాక తెలిసింది, నవ్వు.

“అందరూ నిజమే చెప్పారు తాతా. విన్నవాడిదే పొరపాటు” అన్నారు.

దీనమ్మకి తెలియనే తెలిసింది. సంతానం లేనివాడికి ఒక్క పూటలో ఇంతమందా, కాన్పులు సులువుగానే అయ్యాయా అని ఆరా తీసింది. నేను పొయ్యి ఊదుకున్నాను.

నాలుగో పుట, మంగళవారం

ఇల్లు నిండితే ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుస్తోంది. బడి గదుల్లో చాపలు పరిచి పడుకుంటున్నారు. లంకలో ఏ వీధిలో ఉన్నవాళ్లు ఇక్కడా ఆ వరసలోనే పడుకుంటారు. ఎవరో మధ్యలో ఖాళీ వదిలితే ఏమిటని అడిగాను. అక్కడ కాలవ ఉండేదండి అన్నారు.

నన్ను అందరూ నాన్నగారూ అంటున్నారు. మొదట వేళాకోళానికి అన్నారు. ఇప్పుడు పిల్లలకి జ్వరమొస్తే కూడా నాన్నగారూ అనే వస్తున్నారు. మామ్మ కూడా అంటోంది. ఆవిడకి పళ్లు లేవు, నవ్వాపుకోదు. ఇద్దరు పిల్లల తల్లీ తండ్రీ కరణం లెక్కలో అన్నాచెల్లెళ్లయి కూర్చున్నారు. వాళ్లు నవ్వుకుని ఊరుకున్నారు, వాళ్లకి కొత్తగా చీటీతో పనిలేదు.

పని ఉన్నవాళ్లు ఒక జంట. తబిత, ఇంకా ఓబేదు. ఓబేదు నీళ్లలో మునిగి పనిచేసేవాడు. ఊపిరి బిగబట్టి ఎంతసేపైనా అడుగున ఉంటాడు. లంక మునిగిన తొమ్మిదో రోజుకి వాళ్ల పెళ్లి పెట్టుకుని ఉన్నారట. పందిరి రాటలు కూడా పాతారట, ఆ రాటలు పట్టుకునే కొందరు బతికారట.

ఈ రోజు ఓబేదుకి మెట్ట నుంచి కబురొచ్చింది. అక్కడి నీళ్ల ఫ్యాక్టరీలో గొట్టాల్లోకి దిగి నాచు గీకే పని. గది ఇస్తారు. సరిగ్గా మూడు వారాలకి, మంగళవారం పొద్దున వ్యాను వస్తుంది. చెక్‌పోస్టు దాటి వెంట రానిచ్చేది పెళ్లామొక్కదాన్నే, అది కూడా కరణం ఇచ్చిన పెళ్లి చీటీ ఉంటేనే. ఆ రోజు ఎక్కకపోతే పని ఇంకొకడికి పోతుంది.

ఇద్దరూ చేతులు పట్టుకుని గేటు దగ్గరికెళ్లారు. కాసేపటికి తబిత ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. చీటీ నా చేతిలో పెట్టింది. నేను కూడబలుక్కుని చదివాను.

“గంజి వారి అబ్బాయికి గంజి వారి అమ్మాయి చెల్లెలగును. వివాహము కుదరదు. ఇటువంటి ఆలోచన తగదు.”

ఆఖరి మాట కరణం సొంతంగా కలిపాడు.

ఒకే ఇంటిపేరువాళ్లు అన్నాచెల్లెళ్లే. అది నేనూ కాదనను. పెట్టెకి ఈ మర్యాద నేర్పినవాడు మంచి ఇంట్లో పుట్టినవాడే అయ్యుండాలి. మరి తబిత చిన్నప్పట్నుంచీ ఓబేదుని బావా అని పిలుస్తోంది. కరణం ముందు నోరు జారి బావా అంటే, సోదరా అని దిద్దాడట.

ఇంటిపేరు తప్పు పడిందని చెప్పి దిద్దించొచ్చు. ఒక్కరిది తప్పని రాస్తే కరణం ఆ ఇంట్లో అందరినీ తిరగేస్తాడు. అరవై ముగ్గురి గంజీ పోతుంది. ఆ మాట తబితకి నేను చెప్పలేదు, తనే చెప్పింది.

“మా ఇద్దరి కోసం ఇంతమంది నోటికాడ కూడు తీయకండి నాన్నగారూ. ఆడిని ఎళ్లమంటాను.”

ఈ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఐదో పుట, బుధవారం

దారి చెప్పింది గంజి ఉప్పు. దస్తావేజులు రాసిన చెయ్యి కదా. తప్పు దిద్దడం వేరు, దత్తత వేరు అన్నాడు. కుటుంబ పెద్ద తన ఇంటి మనిషిని ఇంకో ఇంటికి దత్తత ఇస్తే కరణం తిరగెయ్యడు, ఇంటిపేరు మార్చి ఊరుకుంటాడు. ఇచ్చే పెద్దా పుచ్చుకునే పెద్దా ఇద్దరూ గేటు ముందు నిలబడి ఒప్పుకోవాలి, అంతే. రెండు ఇంటిపేర్లయితే పెళ్లికి అడ్డేముంది?

ఇల్లు మునగని మనిషి కావాలి. చర్చి పనివాళ్లలో అయ్యగారిది మెట్ట, ఆయన పేరు ఈ కరణం దగ్గర ఉండదు. ఊరివాళ్లని అడిగితే కబురు మండలికి పాకుతుంది. నోరు మూసుకుని చెయ్యగల మనిషి దిబ్బ మీద ఒకత్తే ఉంది. ఆవిడ మామూలుగా నోరు మూసుకునే మనిషి కాదు గానీ, ఇలాంటి వాటికి మూసుకుంటుంది.

అయ్యగారు చెప్పిన లెక్క ఇది. చర్చిలో పెళ్లి చెయ్యాలంటే మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. అది ఆయన తగ్గించరు, తగ్గిస్తే అబద్ధమవుతుందంటారు. వ్యాను వచ్చేలోపు ఉన్నవి మూడే ఆదివారాలు. అంటే ఈ ఆదివారానికి రెండు ఇంటిపేర్లు తయారుగా ఉండాలి.

నలభై ఏళ్లలో మొదటిసారి నా అంతట నేను దీనమ్మ గుమ్మం ఎక్కాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. తబితని పుచ్చుకో, పిల్లి వారి అమ్మాయవుతుంది, గంజి వారి అబ్బాయికి చేసుకుంటాం అన్నాను. చేసుకుంటాం అన్నప్పుడు కొంచెం ఎత్తుగానే నిలబడ్డాను.

ఆవిడ ఎండు రొయ్యలు గిల్లుతూనే ఉంది, తల ఎత్తలేదు. ఇస్తే ఓబేదుని ఇయ్యమంది.

నాకు వెంటనే అర్థమైంది ఆ మాట వెనకున్న మెలిక. ఓబేదు ఆవిడ ఇంటికి పోతే ఆవిడ మగపెళ్లివారు. నేను ఆడపెళ్లివాణ్ణి. ఎదురెళ్లి కాళ్లకి నీళ్లిచ్చేది నేను. విస్తరి ముందు చేతులు కట్టుకుని నిలబడేది నేను. కూరలో ఉప్పెక్కువైందని ఆవిడంటే తల వంచుకునేది నేను. ఉప్పు ఎక్కువైందని!

ఆడపిల్లనే పుచ్చుకోవాలని నేను, మగపిల్లాడినైతేనే అని ఆవిడ. పొద్దుపోయేదాకా తేలలేదు. చివరికి, మా ఇంటి మగపిల్లాణ్ణి పిల్లి అనిపించుకోనివ్వనని చెప్పి వచ్చేశాను.

ఆరో పుట, శుక్రవారం

రెండు రోజులు గంజి మాడింది. నా తప్పే. దీనమ్మ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఓబేదు వచ్చాడు. తెడ్డు నా చేతిలోంచి తీసుకుని తను కలపడం మొదలుపెట్టాడు. తను వ్యాను ఎక్కనని చెప్పాడు. ఇక్కడే ఉండి పడవల పని చేస్తానన్నాడు. ఇక్కడ పని ఎక్కడుందిరా, ఉన్న పడవలవాళ్లే నా గంజి తాగుతున్నారు అన్నాను. తల దించుకుని కలుపుతున్నాడు. అతను ఇక్కడే ఉండిపోయినా పెళ్లి చీటీ రాదు. రేపు పిల్లలు పుడితే వాళ్లని కరణం ఏ వరసలో రాస్తాడో వాడికీ తెలుసు.

నాకు అడ్డుపడుతున్నది ఏమిటని నన్ను నేనే అడిగాను. ఒక చెంబెడు నీళ్లు. నాలుగు దండాలు. అంతకు మించి ఏమీ లేదు. దానికి వాళ్లిద్దరి బతుకు ఆగింది.

దీనమ్మ దగ్గరికి పోయి, ఓబేదుని తీసుకోమన్నాను. ఆవిడ ఒక్కసారే కాదు, ఇంకోసారి చెప్పించుకుంది, వినపడలేదని. ఆవిడ చెవులకి ఏ రోగమూ లేదు.

ఏడో పుట, శనివారం

గేటు ముందు నిలబడ్డాం. కరణం అడిగాడు, గంజి జక్కరయ్య గారూ, మీ కుమారుడు ఓబేదును దత్తత ఇచ్చుటకు సమ్మతమేనా అని. సమ్మతమే అన్నాను. దీనమ్మని అడిగాడు, పుచ్చుకొనుటకు సమ్మతమేనా అని. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది.

“పిల్లాడు నల్లగా ఉన్నాడు గానీ, పుచ్చుకుంటాను” అంది.

చీటీ వచ్చింది. పిల్లి ఓబేదు. లంకవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. మా ఇంట్లో ఇక అరవై ఇద్దరు. ఒక మనిషి తగ్గాడని నాకు దిగులేమిటో అర్థం కాలేదు, ఈ మనిషి నాకు పది రోజుల కిందట తెలియనే తెలియదు.

తర్వాత ఆవిడ నన్ను చాటుకి పిలిచి, వరస కలిసింది కనక ఇక నన్ను ఏయ్ ముసలోడా అనకూడదు కదా అని అడిగింది. వియ్యపురాలు వియ్యంకుణ్ణి అన్నయ్యగారూ అనాలి. ఆ మాట అనడానికి ఆవిడ మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారికి దగ్గొచ్చింది.

ఎనిమిదో పుట, ఆదివారం

అయ్యగారు ప్రకటన చదివారు. గంజి వారి అమ్మాయి తబితకు, పిల్లి వారి అబ్బాయి ఓబేదుకు పెళ్లి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పాలి అన్నారు. చర్చిలో రెండు వందల మంది ఉన్నారు. వాళ్లందరికీ సంగతి తెలుసు. ఐసు ఫ్యాక్టరీ ఓనరు మొదటి బెంచీలో ఉన్నాడు, ఆయన బావమరిది మండలిలో పని చేస్తాడు. 

ఓనరు లేచాడు. అయ్యగారు చెప్పండి అన్నారు.

తనకి అభ్యంతరమేమీ లేదనీ, పిల్లి వారు గంజి వారింట్లో మూతి పెట్టడం ఇవాళ కొత్త కాదనీ అని కూర్చున్నాడు. చర్చంతా నవ్వు. అయ్యగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఓనరు ఆ పూట గంజి వరసలోకి టిఫిను క్యారేజీ పైకే పట్టుకుని వచ్చాడు.

తొమ్మిదో పుట, మూడో ఆదివారం తర్వాతి సోమవారం

ఈ రోజు పెళ్లి జరిగింది. ఇది సాయంత్రం రాస్తున్నాను, చెయ్యి నొప్పిగా ఉంది.

వంటసాల నుంచి చర్చి గుమ్మానికి ముప్పై అడుగులు. మగపెళ్లివారు నడిచి రాలేదు. పడవెక్కి దిబ్బ చుట్టూ తిరిగి వచ్చారు, డప్పులతో. పడవ ముందు దీనమ్మ కూర్చుంది, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. ఎవరివో తెలియదు. దిగగానే కాలు చాపింది. నేను చెంబుతో నీళ్లు పోశాను. ఇంకొంచెం అంది. పోశాను. రెండో కాలు కూడా ఉందని గుర్తు చేసింది.

అయ్యగారు, ఈ కన్యను ఈ పురుషునికి ఎవరు ఇస్తున్నారని అడిగారు. తబిత నా చెయ్యి పట్టుకుని ఉంది. నేను ఇస్తున్నాను అనాలి. ఆ రెండు మాటలే. వారం నుంచి నోట్లో అనుకుంటున్నాను. ఎంతకీ రావు.  మగపెళ్లివారి బెంచీ నుంచి దీనమ్మ, నాకే వినపడేట్టు అంది:

“అనండి అన్నయ్యగారూ. వ్యాను రేపే.”

అన్నాను.

భోజనాలు జొన్న సంకటి, ఎండు రొయ్యల పులుసు. అందరూ కూర్చున్నాక మగపెళ్లివారు అలిగారని కబురొచ్చింది. దీనమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. విస్తరి ముట్టదు. పెళ్లికొడుకు తల్లి తినకపోతే ఎవరూ ముద్ద ఎత్తరు. లంకవాళ్లు ఆకలిగా నా వైపు చూస్తున్నారు. ఏం కావాలో చెప్పమ్మా అన్నాను. లాంఛనం కావాలంది. చీర కాదు, సారె కాదు. ఒక నిజం చెప్పాలి, అందరి ముందూ. మా ముత్తాత కరువులో గంజి పోసినవాడా, తాగినవాడా.

 నలభై ఏళ్లుగా చెప్పిన మాట నాది. మా నాయనమ్మ నా చిన్నప్పుడు చెప్పింది ఇంకోటి. అది నేను ఎవరికీ చెప్పలేదు. దీనమ్మకి ఎలా అనుమానం వచ్చిందో తెలియదు, ఆడవాళ్లకి వస్తాయి.

నాకు కోపం రావాల్సింది. వరస కట్టి కూర్చున్న అరవై మంది గంజి వారిని చూశాను. ఒక్కొక్కడి చేతిలో ఒక్కొక్క గిన్నె. ఎవరి దగ్గర దాచాలి నేను?

తాగినవాడే అన్నాను. ఎక్కడి నుంచో నడిచొచ్చి మిషనరీ దొరల గంజి వరసలో నిలబడ్డాడట. ఇంటిపేరు అడిగితే, ఏం కావాలని అడిగారనుకున్నాడట.

ముందు మామ్మ నవ్వింది. తర్వాత తబిత. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. సొలొమోను, అదే ఉప్పు, కళ్లు తుడుచుకుంటూ, అయితే మేమే అసలైన వారసులమండి అన్నాడు. దీనమ్మ మాత్రం నవ్వలేదు. ఇటు తిరిగి విస్తరి దగ్గరికి లాక్కుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, నలుగురూ వినేట్టు, పులుసులో ఉప్పు సరిపోయిందని చెప్పింది. ఆ పులుసు నేను వండాను.

పదో పుట, మంగళవారం

పొద్దున వ్యాను వచ్చింది. చెక్‌పోస్టు మనిషి చీటీ చూశాడు. పిల్లి ఓబేదు, భార్య పిల్లి తబిత అని పైకి చదివి, ఎక్కమన్నాడు. తబిత కిటికీలోంచి మామ్మని జాగ్రత్తగా చూడమంది. నా కూతుర్ని నేను చూసుకోనా అన్నాను.

వ్యాను పోయాక దీనమ్మ ఇంటి ముందు గొడవ. వెళ్లి చూద్దును కదా, గంజి వారి అబ్బాయిలు పదకొండు మంది తల దువ్వుకుని వరస కట్టారు. అందరూ దత్తత పోతారట. అందరూ పిల్లి వారవుతారట. దీనమ్మ అరుగు మీద నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఒక్కొక్కడినీ పళ్లు చూపించమంటోంది.

మా ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్లలు ఎంతమందని ఉప్పుని అడిగాను. వేళ్లు మడిచి చెప్పాడు. పదకొండు మంది.

పదకొండు పెళ్లిళ్లు. పదకొండింటికీ నేనే ఆడపెళ్లివాణ్ణి.

పెద్ద చెంబు కావాలని అయ్యగారికి చెప్పాను.